కోడేరులో జలప్రళయం

ట్రాక్టరు ట్రాలీకి వెనుక తలుపు ఊడదీసిన క్షణాన అది ట్రాలీగా ఉండటం మానుకొని రంగస్థలమవుతుంది. మానవ నాగరికత ఇంతటి సత్యాన్ని ఇంతకాలం ఉపేక్షించడం శోచనీయం. దానిని గుర్తించిన ఘనత కోడేరు దానియేలు కూతురు శైలజది. ఆమె హైదరాబాదులో రంగస్థల కళల్లో ఎం.ఏ. చదువుతూ, ఐదారు వందల ఏళ్ల కిందటి ఐరోపా నాటకాలను అధ్యయన విషయంగా ఎంచుకుంది. ఆ రోజుల్లో అక్కడి వృత్తిపనివాళ్లు బైబిలు కథలను బండ్ల మీద ఆడేవారట. బండి కూడలి కూడలికీ ఆగేది. ఆగిన చోటల్లా అదే నాటకం మళ్లీ మొదలయ్యేది.

చినుకు పడని 2003 జూలైలో ఒక ఉదయం ఆ మహాసంప్రదాయం కోడేరులో పునర్జన్మ ఎత్తవలసి ఉంది. నాటకం నోవహు జలప్రళయం: దేవుడు లోకాన్ని నీళ్లలో ముంచినప్పుడు ఓడ కట్టి జంతువులను కాపాడిన బైబిలు పెద్దాయన కథ. ఖాసిం ట్రాక్టరు తోలుతాడు, బోరు మోటార్లు బాగుచేసే మద్దిలేటి నోవహు వేషం కడతాడు, బండి బస్టాండు వద్ద, చర్చి వద్ద, సంతబజారులో ఆగుతుంది. పరీక్షించడానికి హైదరాబాదు నుంచి దయచేసిన ఆచార్యులవారు బండి వెంట నడుస్తారు. ఆయన షరతు ఒక్కటే: ఏదో ఒక్క చోటనైనా నాటకం చివరి మాట వరకూ నడవాలి. నడవకుంటే శైలజకు పట్టా లేదు.

అట్టలతో కట్టిన ఓడ దివ్యంగా కుదిరింది. ఖిల్లా ఘణపూర్ నుంచి పిలిపించిన బోర్డుల పెయింటరు దాని పక్కలకు ఏనుగులను, ఒంటెలను ఎక్కించి, ముందువైపు జాగా మిగిలితే రెండు పెద్ద కప్పలను కూర్చోబెట్టాడు. కథలో పావురం తెచ్చే ఒలీవ కొమ్మ కోడేరులో దొరకదు గనుక ఓడ చుట్టూ వేపమండలు కట్టారు. కళాదృష్టితో చూస్తే రెండు నిర్ణయాలూ నిర్దుష్టమైనవే.

అయితే వాన మొహం చాటేసిన ఏడు, పాలమూరు పల్లెల్లో వేపమండలు చుట్టుకొని, కప్పను వెంటబెట్టుకొని, ఆగి ఆగి ఊరంతా తిరిగేది ఒక్క కప్పతల్లి మాత్రమే. వాకిట ఆగిన కప్పతల్లి మీద ఆ ఇంటి ఆడవాళ్లు నీళ్లు కుమ్మరించాలి. కుమ్మరిస్తే వాన పడుతుంది. శైలజకు ఇది తెలియనిది కాదు. ఆమె ఆలోచన ఐరోపాలో ఉన్నందున గుర్తుకు రాలేదు, అంతే.

బస్టాండు వద్ద నోవహు దేవుని ఆజ్ఞను ప్రకటించబోతుండగా, మిర్చీబజ్జీలు వేసే సత్యమ్మ బండిని ఎగాదిగా చూసింది. కప్పలకు దండం పెట్టింది. లోపలికి పోయి బిందెతో వచ్చి, నోవహు నెత్తిన బోర్లించింది.

"అత్తా, గిది నాటకం," అంది శైలజ.

"నాటకమైతేంది బిడ్డా? వాకిట్లకొచ్చిన కప్పతల్లిని పొడిగ పంపుతమా?"

ఇంకో నాలుగు బిందెలతో నోవహు గడ్డం ఊడిపోయి, అక్కడి ప్రదర్శన ముగిసింది.

బండి కన్నా వార్త ముందుగా చర్చి చేరింది. నీళ్ల ట్యాంకరు కోసం తెల్లారకముందే వరుసకట్టే ఆ వాడ, నిండు బిందెలతో దారికి రెండు పక్కలా నిలబడి ఉంది. నోవహు అప్పటికే తడిసినందున, తడవని పెద్దమనిషి కోసం వెతికి ఆచార్యులవారిని అభిషేకించారు. చర్చి సంఘపెద్ద దానియేలు ఇది బైబిలు వాక్యానికి విరుద్ధమని ఆపబోయి, ప్రళయం వాక్యంలోదేనని గుర్తొచ్చి, తానూ ఇంట్లోంచి ఒక బిందె తెచ్చాడు.

సంతబజారు చేరేసరికి ఓడ నాని జారిపోయింది. ఏనుగులు, ఒంటెలు రంగునీళ్లై మోరీలో కలిశాయి. ఖాళీ ట్రాలీ మీద మద్దిలేటి ఒక్కడే మిగిలాడు. చుట్టూ ఊరంతా చేతులు జోడించి నిలబడింది. ఏ రాజాస్థానంలోనూ ఏ నాటకానికీ అంతటి నిశ్శబ్దం దక్కి ఉండదు. ఆ నిశ్శబ్దంలో అతడు మొదటినుంచి అందుకున్నాడు. దేవుని కోపం, తెరుచుకున్న ఆకాశం, మునిగిపోయిన కొండలు. వాన అన్నప్పుడల్లా జనంలోంచి ఒక్కటే నిట్టూర్పు లేచింది. ఆచార్యులవారి ఒళ్లు జలదరించింది, దానికి తడిబట్టలు మాత్రమే కారణం కావు. ఇక మిగిలింది నోవహు సంతోషంగా పలకవలసిన చివరి మాట: నీళ్లు ఇంకాయి, నేల ఎండింది.

మద్దిలేటి నోరు మూసుకున్నాడు.

"మామా, ఆఖరి మాట," అని శైలజ కింది నుంచి అందించింది.

"గా మాట నేననను బిడ్డా. తాగేటి నీళ్లు తెచ్చి పోసిన్రు. గీళ్ల ముంగట నిలవడి నేల ఎండిందని ఎట్లంట?"

"అన్నవంటే మల్ల నా ఇంట్ల మోటరు ముట్టనియ్య," అంది బండి వెంటే వచ్చిన సత్యమ్మ.

ఆచార్యులవారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ముగింపు లేని నాటకాన్ని తాను ఆమోదించలేనని మెల్లగా గుర్తుచేశారు. శైలజ ఖాళీ బిందెల వైపు చూసింది. ఆ పూట ఏ ఇంట్లో ఏపాటి నీళ్లు మిగిలి ఉంటాయో ఆమెకు తెలుసు.

"అనకు మామా," అంది. "పోతే పోయింది పట్టా."

 ఆచార్యులవారు చెప్పులు విడిచి, ఆ ఖాళీ ట్రాలీకి నమస్కరించారు.

"ఈ నాటకం ఆడిన ఊళ్లన్నీ ప్రళయం తగ్గిందని సంతోషించాయమ్మా. ప్రళయాన్ని పోనివ్వని ఊరిని ఇవాళే చూస్తున్నాను. దీని మీద ఇంకో మాట అక్కరలేదు."

శైలజ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైనదని, కోడేరులో జలప్రళయానికి అంతం లేదని ఆయన ఊరందరి ఎదుట ప్రకటించి, ఖాసిం తెచ్చిన చాయ్ అందుకున్నారు.

ఆ చాయ్ సగం తాగేలోగా నేల ఎండిపోయింది.