మా సంఘానికి ఒక ఇల్లు చేసిన అన్యాయం

పాఠకులారా, మన సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో సామాన్యుడికి ఇల్లు దొరక్కపోవడం మన అదృష్టం! ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. ఈ మూడు ఊళ్ల ఓవర్సీర్లందరూ కలిసి పెట్టుకున్న చవక ఇళ్ల సాధక సంఘానికి నేను ప్రెసిడెంటును. రిటైరయ్యేదాకా కల్వర్టులు, ఠాణాలు కట్టించినవాణ్ణి. ఇళ్ల కరువు గురించి నాకంటే అధికారికంగా మాట్లాడేవాడు మీకు దొరకడు.

అసలు ఇళ్లు లేకపోతే ఏం నష్టం చెప్పండి? రజాకార్ల గొడవల్లో సరిహద్దు దాటి వెళ్లినవాళ్లు నిరుడు తిరిగొచ్చారు. కాలిన గోడలు చూసుకుని, చుట్టాల ఇళ్లలో సర్దుకున్నారు. కోదాడలో ఒక్క గదిలో మూడు సంసారాలు నడుస్తున్నాయి. ఇదివరకు ముఖాలు చూసుకోని తోడికోడళ్లు ఇప్పుడు ఒకే చాప మీద పడుకుంటున్నారు. ఇంత ఐకమత్యం ఏ నాయకుడు సాధించగలడు? మిర్యాలగూడకు బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకాయన ఆఫీసు బల్ల మీదే పడుకుంటాడు. ఆయన డ్యూటీకి ఆలస్యంగా రావడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

అన్నిటికీ మించి, ఇళ్ల కరువే లేకపోతే మా సంఘం ఉండేదా? మీటింగులు ఉండేవా? నా మెడలో ఆ బంతిపూల దండలు ఎవరు వేసేవారు? కరువు మమ్మల్ని పోషిస్తోంది, మేం కరువును విడిచిపెట్టకుండా చూసుకుంటున్నాం.

అలాంటి సంఘం ఈ వేసవిలో ఒక పొరపాటు చేసింది. ఇల్లు కట్టింది.

కట్టే ఉద్దేశం మాకు ఎంతమాత్రం లేదు. ఒక మీటింగుకు వచ్చిన పెద్ద అధికారి నా ఉపన్యాసం విని, చవక ఇల్లంటే ఎట్లుంటదో ఒకసారి చూపించండి అన్నాడు. ఇక తప్పలేదు. ఎక్కడ కట్టాలన్న దాని మీద మూడు ఊళ్లవాళ్లు గొంతులు పోయేలా వాదించుకున్నాం. చివరికి సూర్యాపేట శివార్లలో, మోతె వెళ్లే బాట పక్కన లేపాం. మట్టిగోడలు, రెండు అర్రలు, పైన పెంకులు, ముందు ఒక అరుగు. దానికి మోడల్ హౌస్ అని పేరు పెట్టాం.

దానికి మట్టి మోసినవాళ్లలో మోతె బాలమ్మ ఒకతె. గొడవల్లో ఆమె గుడిసె కాలిపోయింది. మొగుడు పెంటయ్య, ఇద్దరు పిల్లలతో బస్సుల అడ్డా దగ్గర ఎవరిదో చూరు కింద ఉంటోంది. వానలు పడితే పిల్లల్ని ఎక్కడ పెట్టాలా అని ఆమెకు ఒకటే దిగులు. ఆ దిగులు మా ఆశయాలకు ఎంతో దగ్గరగా ఉండడంతో నా ఉపన్యాసంలో వాడుకున్నాను.

అధికారి శాస్త్రం పట్టింపున్న మనిషి. అందుకని ప్రారంభోత్సవాన్ని గృహప్రవేశంలాగే జరపాలనుకున్నాం. కొత్త పొయ్యి మీద ఒక ఇల్లాలు పాలు పొంగించాలనీ, ఆ రాత్రి ఆమె కుటుంబం అక్కడే పడుకోవాలనీ, దీపం పెట్టిన ఇంటిని పాడుపెట్టకూడదనీ పురోహితుడు అందరి ముందూ చెప్పాడు. మరి పొంగించేది ఎవరు?

మా ఆవిడ ఆండాలును అడిగాను.

"పాలు పొంగిచ్చుడు ఎంతసేపు? గానీ రాత్రికి గాడనే పండుకోవాలె గదా. ఆ మట్టిగోడల నడుమ మీరు పండుకుంటరా?" అంది.

చవక ఇళ్ల సంఘం ప్రెసిడెంటు చవక ఇంట్లో పడుకోవడం ఏమైనా మర్యాదగా ఉంటుందా? మా సెక్రటరీ చంద్రమౌళిది కోదాడ. ఆయన్నీ అడిగాను. "మా ఆవిడకి డాబా మీద తప్ప నిద్రపట్టదండీ" అన్నాడు. ట్రెజరర్ వీరేశం అయితే వినబడనట్టు పక్కకు తిరిగాడు. అప్పుడు నా బుర్ర చురుగ్గా పనిచేసింది. బాలమ్మను పిలిపించాను.

ఆమె పాలు పొంగించింది. అధికారి మెచ్చుకుని, ఫోటో దిగి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున తాళం పట్టుకుని వెళ్తే వాకిట్లో ముగ్గు కనిపించింది.

"తాళం ఎట్లేస్తరు సారూ?" అంది బాలమ్మ చీపురు పక్కన పెట్టి. "దీపం పెట్టిన ఇల్లు పాడుపెట్టొద్దని అయ్యగారు మీ ముంగటనే చెప్పిండు గదా."

పురోహితుడి దగ్గరికి పరుగెత్తాను. శాస్త్రం శాస్త్రమే అన్నాడు.

అత్యవసర మీటింగు పెట్టాం. "మోడల్ హౌస్‌లో నిజంగానే బీదవాళ్లు చేరిపోతే ఇంకా మోడల్ ఏముందండీ?" అని చంద్రమౌళి వాపోయాడు. ఆయన బాధలో అర్థం ఉంది. అప్పటికే పాలకీడు నుంచి, అనంతగిరి నుంచి జనం వచ్చి గోడలు తట్టి చూసి, మాకూ ఇట్లాంటిదే కట్టండని అడుగుతున్నారు. ఇది కష్టసాధ్యమని ఇన్నాళ్లూ మేం చెప్పుకొచ్చింది ఏం కావాలి? బాలమ్మను ఖాళీ చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆమెకు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు.

మీటింగు అయ్యాక వీరేశం నన్ను పక్కకు పిలిచాడు. ఆయన మా ట్రెజరరే కాదు, నేను కిరాయికి ఉంటున్న ఇంటి యజమాని కూడా.

"మా అల్లుడొస్తుండు. వానలు పడకముందే ఇల్లు ఖాళీ చెయ్యాలె ప్రెసిడెంట్ సాబ్. జర సమజ్ చేసుకోండ్రి" అన్నాడు.

సూర్యాపేటంతా తిరిగాను. నన్ను చూడగానే అందరూ నమస్కారం పెట్టారు, ఇల్లు మాత్రం ఎవరూ చూపలేదు. ఇంతసేపూ నేను పొగిడిన అదృష్టం మా గుమ్మంలోకే వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలంటే, భయమేసింది. ఈ వయసులో ఆండాలును తీసుకెళ్లి ఎవరి చూరు కింద పెట్టను?

ఆ దిగులుతోనే నిన్న సాయంత్రం తీర్మానం సంగతి చెబుదామని బాలమ్మ దగ్గరికి వెళ్లాను. బాటలో ఉండగానే వాన పట్టుకుంది.

"లోపటికి రాండ్రి సారూ, తడుస్తున్నరు" అంది బాలమ్మ.

లోపల పొయ్యి వెచ్చగా ఉంది. పిల్లలు గోడవారన నిద్రపోతున్నారు. పైకి చూశాను. ఎక్కడా కారడం లేదు. తీర్మానం సంగతికి బదులు, మమ్మల్నీ ఇల్లు ఖాళీ చేయమన్నారమ్మా అన్నాను.

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"గిసొంటిదే ఇంకోటి కట్టరాదుండ్రి సారూ. నేను మట్టి మోస్త. మా ఆయన గోడ పెడ్తడు."

మా సంఘం పుట్టిన నాటినుంచి ఎన్నో తీర్మానాలు చేశాం. రెండో ఇల్లు కడదామన్న ప్రతిపాదన రావడం మాత్రం ఇదే మొదటిసారి. దాన్ని మీటింగులో పెట్టాలని నాకు ఎంతో ఆశగా ఉంది. కానీ నిబంధనలు ఒప్పుకోవు. బాలమ్మ మా సంఘంలో మెంబరు కాదు.