రాజరాజేశ్వరి గారి విలువల ఫారం

మనిషికి మనస్సాక్షి ఉంటే సరిపోదనీ, దాన్ని మూడు ప్రతుల్లో నింపి ఇవ్వాలనీ 1999 వేసవిలో మాదాపూర్‌లో ఖరారైంది. హైటెక్ సిటీ భవనానికి కాస్త ఇవతల, ఇంకా రంగు వాసన పోని రెండో అంతస్తులో ‘సన్మార్గ ఇన్వెస్ట్‌మెంట్స్’ తెరిచారు. ఖాతాదారుల విలువలకు తగిన షేర్లలోనే డబ్బు పెడతామని ప్రకటించారు.

ఆ ప్రకటన చూసే రాజరాజేశ్వరి వెళ్లింది. ఏలూరులో సైన్సు టీచరుగా రిటైరై, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు రసజ్ఞతో కొండాపూర్‌లో ఉంటోంది. చేతిలో ఎనభై వేలున్నాయి. భర్త భీమేశ్వరరావు రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చిన మనిషి. పడుకుంటే ఊపిరాడక, చివరి ఏడాదంతా కూర్చునే కునుకు తీశాడు.

“సిగరెట్ల కంపెనీకి నా డబ్బు ఒక్క పైసా వెళ్లకూడదు బాబూ,” అంది.

విలువల విభాగం అధికారి మధుకర్ టై సర్దుకున్నాడు. “ఫికర్ చెయ్యకుండ్రి మేడం. గీ ఫారంల రాయుండ్రి.”

మూడు గళ్లున్నాయి. ఆమె ఒకటే నింపింది. ఖాళీలుంటే కంప్యూటర్ తీసుకోదని మిగతా రెండింటిలో మధుకరే ‘అహింస’, ‘పచ్చదనం’ అని రాశాడు. (అవి అతని విలువలో, చేతికి అలవాటైన మాటలో తెలియదు.)

మూడు నెలలకు స్టేట్‌మెంటు వచ్చింది. ఎనభై వేలూ ‘నీలమేఘ ఇన్ఫోటెక్’లో ఉన్నాయి. రసజ్ఞ ఆఫీసు ఇంటర్నెట్‌లో వెతికి చెప్పింది: మొన్న ఏప్రిల్ దాకా అది నీలమేఘ సిగరెట్స్.

రాజరాజేశ్వరి ఆటో ఎక్కి మళ్లీ వెళ్లింది.

“పేరు మారింది మేడం. పేరుతోని కేటగిరీ మారింది. ఇగ అది ఐటీ కంపెనీ,” అన్నాడు మధుకర్. (ఆ ఏడాది ఐటీలోకి మారిన వాటిలో ఒక పచ్చళ్ల ఫ్యాక్టరీ కూడా ఉంది.)

“సిగరెట్లు చెయ్యడం మానేశారా?”

“మానలే. ఇప్పుడు అవి హార్డ్‌వేర్ కింద వస్తయ్.”

“అయితే నా డబ్బు నాకిచ్చేయండి.”

“విలువలు దెబ్బతిన్నయని తీస్కునేందుకు ఫారం లేదు మేడం. విలువ మార్చుకున్నమంటే ఉంది.” ఒక కాగితం ముందుకు జరిపాడు. ‘ధూమపానంపై నాకు ఇక ఎటువంటి అభ్యంతరమూ లేదు.’ కింద సంతకానికి గీత.

ఏడాదంతా భర్త వీపు నిమిరిన చేతిలోనే ఇప్పుడు పెన్నుంది.

“ఇది అబద్ధం బాబూ.”

మధుకర్ గొంతు తగ్గించాడు. “నాకెరుకే. మా నాయిన గూడ బీడీలతోనే పోయిండు మేడం.” కాగితం ఇంకాస్త జరిపి అన్నాడు, “నేను గూడ పైసలు నీలమేఘలనే పెట్టిన. మంచిగ పెరుగుతున్నది.”

సంతకం చెయ్యకపోతే డబ్బు అక్కడే ఉంటుంది. రాజరాజేశ్వరి చేసింది. (ఒక గడి ఖాళీ అయితే మిగతా రెండూ కంప్యూటరే కొట్టేస్తుంది.) చెక్కు లక్షా ఇరవై వేలకు వచ్చింది. పెరిగిన నలభై వేలూ నాకొద్దంది. లాభం వెనక్కి ఇచ్చే ఫారం కూడా లేదన్నాడు మధుకర్. ఇంతవరకు ఎవరూ అడగలేదట. ఆ నలభై వేలూ ఛాతీ ఆసుపత్రికి ఇచ్చేయాలని ఆమె అక్కడే నిశ్చయించుకుంది.

బయల్దేరబోతుంటే అతను ముద్ర కొట్టిన కాగితం ఒకటి చేతికిచ్చాడు. మెట్ల మీద నిలబడి చదివింది.

‘ఖాతా విలువ: పెరిగినది. ఖాతాదారు విలువలు: ఏమియు లేవు. ఈ పత్రమును అవసరమైన చోట చూపించుకొనవచ్చును.’