ఓకే గీసిన మూడు డిస్కులు

పీణ్యలోని ఒక ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా నా పని ఒక్కటే, పక్కవాడు చేసినదాంట్లో తప్పు పట్టడం. ఇన్‌స్పెక్టర్ నారాయణప్ప వస్తున్నాడంటే లేత్ మిషన్లు కూడా వణుకుతాయని మా ఫ్యాక్టరీలో చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది నేనే అనుకోండి.

ఇంట్లో మాత్రం ఆ ఉద్యోగం నా భార్య వెంకటలక్ష్మిది.

మా పెళ్లి వీడియో క్యాసెట్టుకు బూజు పట్టింది. పోయిన మా మామగారు కృష్ణప్ప గొంతు ఈ లోకంలో మిగిలింది అందులోనే. అది వినడానికే అత్తగారు భాగీరథమ్మ ఆదివారం వస్తానన్నారు. కంప్యూటర్లోంచి హార్డ్ డిస్కు ఊడదీసి, తువ్వాలులో చుట్టుకుని యలహంక స్టూడియోకు పరుగెత్తాను. అతను క్యాసెట్టు మొత్తాన్ని ఒక ఇమేజి ఫైలుగా చేసి ఎక్కించాడు. "ఇంక క్యాసెట్టు ఆడదు సార్, ఈ ఫైలే గతి" అన్నాడు.

శనివారం హార్డ్ డిస్కు మళ్లీ బిగించి, మూడు సీడీలు రాయడానికి కూర్చున్నాను. లక్ష్మి చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కనే చేరింది.

"ఒక్క ఫైలే కదా ఉండాది, సీడీలోకి ఎట్ల పోతాది?"

"అచ్చు గుద్దినట్ల పోతాది. సీడీలో ఏ మూల ఏముండాలో అంతా దాంట్లోనే ఉండాది."

"సరిగ్గా పోయిందని ఎట్ల తెలిసేది?"

"వెరిఫై అని ఉండాది మే. రాసినాక సీడీని మళ్లీ చదివి, ఫైలుతో సరిచూస్తాది."

"అదే రాసి, అదే చదివి, అదే బాగుందంటాదా? పరీక్ష రాసినోడే మార్కులేసుకున్నట్ల ఉండాదే!"

ఇన్ని ప్రశ్నలు మా ఫ్యాక్టరీ ఆడిటర్ కూడా ఎప్పుడూ అడగలేదు.

మూడు సీడీలూ వెరిఫైలో పాసయ్యాయి. పాసైన పీసు మీద గుర్తు లేకపోతే మా ఫ్యాక్టరీలో గడప దాటనివ్వరు. చెయ్యి ఊరుకుంటుందా? గీతలు గీసే ఉక్కు సూది తీసి, మూడింటి మీదా 'ఓకే' అని లోతుగా గీశాను. కింద తేదీ, నా పొడి సంతకం.

"ఏమిటికప్పా దాన్ని గీకేది?"

"మిషను చదివేది కింది పక్క మే. పైది సుమ్నే, ఊరికే అందానికి."

లక్ష్మి చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచింది. ఆవిడ ఇంకో ప్రశ్న వేయకుండా లేచిందంటే నేను అప్పుడే భయపడి ఉండాల్సింది.

ఆదివారం పొద్దున ఆ ఫైలు చెరిపేశాను. క్రికెట్ ఆట ఎక్కించడానికి చోటు కావాలి మరి.

అత్తగారు టీవీ ముందు కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నారు. మొదటి సీడీ గర్రుమని ఆగిపోయింది. రెండోదాంట్లో నా పెళ్లి తలపాగా వరకు వచ్చి బొమ్మ బిగుసుకుపోయింది. మూడోదాన్ని ప్లేయరు అసలు సీడీగానే ఒప్పుకోలేదు.

"పోనీలే నాయనా" అంటూ అత్తగారు కళ్లద్దాలు డబ్బాలో పెట్టేసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి గొంతును నా చేత్తో నేనే గీకి పారేశాను.

లక్ష్మి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుర్తులేమీ లేని సీడీ ఒకటి ప్లేయర్లో పెట్టింది.

"ఇదెక్కడిది?"

"మీరు గీకింది చూసి, నిన్న ఒక పాత సీడీ మీద పిన్నీసుతో గీకి చూస్తిని. వెండి పొరే ఊడి వచ్చె, రాసిండేదంతా దాంట్లోనే గదా. వెలుతురుకు పెడితే గీకినచోట అవతలి తులసికోట కనబడె. మీరు బేకరీకని పోయి గంటన్నర ముచ్చట్లు పెట్టుకోని ఉంటిరే, అప్పుడు మీరు చేసినట్లే ఇంకొకటి రాస్తిని."

"నిన్ననే చెప్పొచ్చు గదే!"

"చెప్తే ఇంటారా? సుమ్నే అందానికి అంటిరి గదా."

"వెరిఫై చేసినావా?" పాడు అలవాటు, నోరు జారింది.

"చేస్తిని. ఆమీద మొదట్నుంచి కడాకు కూర్చోని కండ్లతో చూస్తిని. మీరు ఒక్కటన్నా చూస్తిరా?"

చూడలేదు.

తెర మీద అప్పగింతలు. మామగారు తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ కూతురి చెయ్యి పట్టుకున్నారు. "అల్లుడు మంచోడే లచ్చుమమ్మా. ఏదో చెకింగ్ పనంట. ఏం చెప్పినా సరే అను తల్లీ." అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "అనేసి, నువ్వొక తూరి చూసుకో."

అత్తగారు ఏడుస్తూనే నవ్వేశారు. "ఇంకొక తూరి పెట్టండి నాయనా" అన్నారు.

రిమోట్ నా చేతిలోనే ఉంది. లక్ష్మి వచ్చి, దాన్ని మెల్లగా లాక్కుని, తనే నొక్కింది.