మూడో మిషను

ఆ ఉదయం కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న తలకు నూనె జిడ్డు లేకుండా స్నానం చేయించడం, ఆస్పత్రిలో మెదడు తరంగాల పరీక్ష చేయించడం, భోజనాల వేళకు ఇల్లు చేరడం. ఒకప్పుడు టైపు మాస్టారైన నాన్న, వారం కిందట అమ్మను "మూడో మిషనూ, నా కళ్ళజోడు చూశావా?" అని అడిగారు. కట్టుకున్న భార్య పేరే మరిచిన మనిషికి కూతురి పేరు ఇంకెన్నాళ్ళు గుర్తుంటుంది? అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

టెక్నీషియన్ ఆయన తలనిండా వైర్లు అంటించి, దుప్పటి కప్పి, "కళ్ళు మూసుకోండి మాస్టారూ," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆయన టైపు నేర్చుకునే పిల్లలకు చెప్పిన మాట అదే. కళ్ళు మూసుకోమంటే టైపు మొదలుపెట్టమని అర్థం. దుప్పటి కింద పది వేళ్ళూ లేచాయి. తెరమీద గీతలు చిందులు తొక్కాయి.

"అయ్యో, ఇదేంటి!" అంటూ టెక్నీషియన్ డాక్టరమ్మ కోసం పరిగెత్తాడు. ఆ అయ్యో విని కూతురు ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు విని బయటున్న అల్లుడు ఫోను తీశాడు. డాక్టరమ్మ వచ్చేసరికి వరండా నిండా చుట్టాలే.

ఆవిడ దుప్పటి ఎత్తి చూసింది. "ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"రెండో పేరాలో ఉన్నానమ్మా. ఇంతవరకూ తప్పుల్లేవు."

చుట్టాలతో పాటు వచ్చిన అమ్మ ఆ వేళ్ళు పట్టుకుని కూర్చుంటే పరీక్ష మళ్ళీ చేశారు. గీతలు బుద్ధిగా నడిచాయి.

"ఇందాక గంతులేసింది మెదడు కాదు, చేతులు," అంది డాక్టరమ్మ. "తరంగాలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. అయితే ఇదొక్కటే చూసి ఏదీ తేల్చలేం. అసలాయన ఏం మరిచిపోయారు?"

"అమ్మ పేరండీ! మూడో మిషను అంటున్నారు."

అమ్మ సిగ్గుతో తల దించుకుంది. "మరిచిపోలేదే. నేను ఆయన దగ్గర టైపు నేర్చుకున్నది ఆ మిషను మీదే. ఎవరూ లేనప్పుడు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఆ రోజు నువ్వు తలుపు వెనక ఉన్నావని చూసుకోలేదు."

"మరి చెప్పవేం?"

"అల్లుడుగారి ముందు ఎలా చెప్పనే?"

నాన్న ఇంకా కళ్ళు తెరవలేదు. "కిటికీ పక్కన ఉండేది ఆ మిషను. సాయంత్రం ఎండ కాగితం మీద పడేది. అక్షరాలు పట్టేశాయి మాస్టారూ అని రోజూ నన్ను పిలిచేది. చిత్రమేంటంటే, ఇంకెవరు కూర్చున్నా ఒక్క అక్షరమూ పట్టేసేది కాదు."

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాను పుట్టకముందు వీళ్ళిద్దరికీ ఒక లోకం ఉండేదని ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచలేదు. కళ్ళు తుడుచుకుని భర్తవైపు తిరిగింది.

"ఏవండీ, పెళ్ళికి ముందు మీరు నన్ను ఏమని పిలిచేవారు?"

అల్లుడు పైకప్పు చూశాడు, నేల చూశాడు, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వైర్లు చుట్టబెడుతున్న టెక్నీషియన్ చేతులు ఆపి, అల్లుడి తలవైపు చూశాడు.