బతికున్న చిన్నాన్న, వదలని బ్రౌజర్

రండి రండి, ఇలా దగ్గరగా జరగండి. ఆ గోడవార నిలబడ్డవాళ్ళు గుసగుసలాపండి. ఫోన్లు జేబుల్లో పెట్టెయ్యండి, ఈ కథ వింటే అవి నొచ్చుకుంటాయి.

లోకంలో పిలవగానే వచ్చి, పొమ్మన్నా పోనివి రెండే రెండు. ఒకటి జలుబు, రెండోది కంప్యూటర్లో బ్రౌజర్. జలుబుకైతే ఆవిరన్నా పట్టొచ్చు.

బ్రౌజరంటే ఇంటర్నెట్టులోకి తెరిచిన కిటికీ. (మామూలు కిటికీలోంచి మనం బయటికి చూస్తాం. ఇందులోంచి బయటివాళ్ళు మన వంటింటిదాకా చూస్తారు. తేడా అంతే.)

మా చిన్నాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పెన్షనుతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పెన్షనాఫీసువాళ్ళకి ఒక నియమం ఉంది. ఏడాదికోసారి కంప్యూటర్ ముందు కూర్చుని, మొహం చూపించి, ‘బతికే ఉన్నాను’ అనే బొత్తాం నొక్కాలి. నొక్కకపోతే పోయినట్టే, పెన్షనూ ఆయనతోపాటే పోయినట్టు. (నేరుగా ఆఫీసుకెళ్ళి నిలబడితే చాలదా అంటారేమో. చాలదు. కుర్చీలో కనబడ్డంత మాత్రాన ఊపిరున్నట్టు కాదని, తమ సిబ్బందిని చూసి వాళ్ళకి బాగా తెలుసు.)

ఆవేళే ఆఖరి రోజు. సాయంత్రం ఆఫీసు తాళం వేసేలోగా చిన్నాన్న బతకాలి.

తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. తెర మీద ఇలా పడింది: ‘మీ బ్రౌజరు పాతది. పాత బ్రౌజర్లో కనపడే మనుషుల్ని మేము నమ్మము. కొత్తది చేసుకుని రాగలరు.’

సరే, అప్‌డేట్ నొక్కాం. ఒక చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, ఆయాసపడి, ‘లోపల చోటు లేదు’ అంది.

చోటెలా ఉంటుంది? బ్రౌజర్ని ఎక్కించిన రోజున అది ఊరికే వచ్చిందా? ‘నాతో వాతావరణం చెప్పేవాడొస్తానంటున్నాడు, సరేనా?’ అనడిగింది. చిన్నాన్న సరే అన్నాడు. ‘డిస్కౌంట్లు చెప్పేవాడు?’ సరే. ‘దొంగల్ని పట్టేవాడు?’ వాడికీ సరే. ముప్పయ్యేళ్ళపాటు ‘చోటుంది, లోపలికి జరగండి’ అన్న నోరది. అడిగినవాణ్ణి రోడ్డు మీద వదిలెయ్యడం ఆయన ఒంట్లో లేదు. ఇప్పుడు కంప్యూటర్లో టాపు మీద కూడా జనమే.

పిన్ని వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “అడిగిన ప్రతి అడ్డమైనవాడికీ సరే అనడమేనా? వద్దనడానికి నోట్లో ముల్లు గుచ్చుకుందా?”

“పాపం, అంత మర్యాదగా అడిగాడే...”

“నన్నూ ఒక్కనాడు అడగకూడదూ అంత మర్యాదగా? లేవండి. దాన్ని సమూలంగా పీకేసి కొత్తది పెడదాం.”

నేను తెర మీదున్న బ్రౌజరు బొమ్మని పట్టుకుని చెత్తబుట్టలో వేశాను. మాయమైంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే నవ్వుతూ అక్కడే ఉంది.

“బోర్డు పీకితే కొట్టు మూసినట్టట్రా?” అంది పిన్ని నన్ను పక్కకి నెట్టి. తొలగింపు బొత్తాం వెతికి మరీ నొక్కింది.

‘ఎందుకు వదిలేస్తున్నారు?’ అని ప్రశ్న. కింద జవాబులు: ‘అపార్థం వల్ల. చెప్పుడు మాటలు విని. కోపంలో.’

పిన్ని ‘కోపంలో’ నొక్కింది. ‘మా మనిషిని పంపిస్తున్నాం’ అని పడీ పడకముందే తలుపు చప్పుడైంది. నేను అబద్ధమాడితే ఈ అరుగు కుంగిపోవాలి.

మెడలో కార్డు, చేతిలో జేబురుమాలుతో ఒకాయన. సంపూర్ణ తొలగింపు విభాగంలో ఉప సహాయ ఓదార్పు అధికారట.

“ఓదార్పు ఎవరికండీ?” అన్నాడు చిన్నాన్న.

“బ్రౌజరుకండీ.” కుర్చీ లాక్కుని కూర్చుని తెరని మెల్లగా నిమిరాడు. “చూడండమ్మా, తొందరపడకండి. దానివల్ల తప్పేదైనా జరిగితే నలుగుర్లో పెట్టి మాట్లాడుకుందాం.”

“నలుగుర్లో పెట్టడానికి అదేమన్నా మా అల్లుడా?” అంది పిన్ని.

“అయితే నిబంధన ప్రకారం పోదాం. తొలగించాక, అది పూర్తిగా పోయినట్టు సర్టిఫికెట్ తెరిచి చూపించాలి.”

“ఎందులో తెరవాలి?”

“ఆ బ్రౌజర్లోనే.”

“పోయినదాంట్లోనా?”

“పోయినట్టు రుజువయ్యేదాకా అది ఉన్నట్టే కదమ్మా.”

పిన్ని మొగుడి వైపు తిరిగింది. “విన్నారా? దానికున్న యోగం మీకు లేదు. అది పోయిందని తేలేదాకా ఉన్నట్టే. మీరు ఉన్నారని తేలేదాకా పోయినట్టే.”

ఆ మాట చిన్నాన్నకి ఎక్కడో తగిలింది. బీరువా తెరిచి పాత విజిల్ తీశాడు. కంప్యూటర్ దగ్గర వంగి, కిటికీ అద్దాలదిరేలా ఊదాడు. “లాస్ట్ స్టాప్! బండి డిపోకెళ్ళిపోతోంది! అందరూ దిగాలి!”

దిగారండీ! ముందు వాతావరణంవాడు దిగాడు, వాన పడుతుందని సణుగుతూ. వాడి వెనక డిస్కౌంట్లవాడు, ఆ తర్వాత తన జేబు తనే తడుముకుంటూ దొంగల్ని పట్టేవాడు. చివరికి బ్రౌజరు కూడా సామానంతా నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. ఓదార్పు అధికారి కూడా అలవాటు కొద్దీ లేచి, “కాస్త జరగండి, దిగాలి, దిగాలి” అంటూ గుమ్మం దాటేశాడు.

ఇక కొత్తది తెచ్చుకోవాలి. బ్రౌజర్ని తెచ్చుకోవాలంటే బ్రౌజరుండాలట. (పిల్లనివ్వాలంటే పెళ్ళయి ఉండాలన్నట్టు.) పిన్ని గోడ మీంచి కేకేస్తే, పక్కింటావిడ తన పెన్‌డ్రైవులో కొత్త బ్రౌజర్ని వేసుకుని, చల్లారిపోతుందేమోనని కొంగు కప్పి మరీ తెచ్చింది.

“ఈసారి ఎవడేమడిగినా వద్దనండి,” అంది పిన్ని. “అప్పుడే సాయంత్రమైపోయింది.”

చిన్నాన్న నడుం బిగించాడు. కొత్త బ్రౌజరు ఎక్కింది. ‘వాతావరణం చెప్పేవాడొస్తానంటున్నాడు...’

“చోటు లేదు.” వద్దు నొక్కాడు.

‘డిస్కౌంట్లు...’

“ఫుట్‌బోర్డు మీద కూడా లేదు, దిగు!” వద్దు.

పిన్ని మొహం వెలిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన నోట వద్దనే మాట వింటోంది. ఇంతలో పెన్షనాఫీసు పేజీ తెరుచుకుంది. బొత్తాం కనపడుతోంది. దాని ముందు చిన్న ప్రశ్న: ‘మీ మొహం ఈ ఆఫీసువారికి చూపించమంటారా?’

చిన్నాన్న మంచి ఊపు మీదున్నాడు.

“వెనకాల ఇంకో బండొస్తోంది, అందులో రండి!” అని వద్దు నొక్కేశాడు.

మళ్ళీ అడుగుతుందేమోనని అందరం చూశాం. అడగలేదు. ఆఫీసు తాళం పడింది. తెర మీద తెల్లగా ఇలా వచ్చింది: ‘మీ మరణానికి చింతిస్తున్నాం. మళ్ళీ బతకదలచినవారు కొత్త ఖాతా తెరవగలరు. మా సేవకి ఎన్ని చుక్కలు ఇస్తారు?’

పిన్ని కుర్చీలో కూలబడింది. పక్కింటావిడ మాత్రం తెర మీద రాసింది మొత్తం చదివి, కళ్ళొత్తుకుని, చిన్నాన్న వైపు తిరిగింది.

“అయ్యయ్యో, ఎంత మంచి మనిషండీ! పోయేముందు పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పి పోయారా, అన్నయ్యగారూ?”