మంగళవారం నాలుగూ పది

ఇరవై రెండేళ్ల కాపురంలో భార్య ముందు ఒక్క అబద్ధమైనా నిలబెట్టుకోలేకపోయాడు పెట్టెల బాబాయి. అందుకే ఈసారి తను నోరు విప్పకుండా, పెట్టె చేత చెప్పిద్దామనుకున్నాడు.

ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ నెట్ సరిగ్గా అందేలా చూడటం ఆయన పని. పదిమంది అడిగే పేజీని బయటి నుంచి ఒక్కసారి తెప్పించి, దాని నకలు ఒక చిన్న పెట్టెలో దాచి, తర్వాత ఎవరడిగినా ఆ నకలే ఇప్పిస్తాడు. దాన్ని క్యాషింగ్ అంటారు. అక్కడ ఆయన్ని పెట్టెల బాబాయి అనేది అందుకే. అలాంటిదే ఒక పెట్టె ఇంట్లో బీరువా మీద కూడా ఉంది.

టీచరమ్మకి, అంటే ఆయన భార్యకి, రొమ్ములో గడ్డ తగిలింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వెబ్‌సైట్లో పెడతామన్నారు ల్యాబు వాళ్లు. బడిలో ఫోను తీయనివ్వరు కాబట్టి, అప్పట్నుంచి ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను.

పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడి ఆ మాట చదివితే ఏమైపోతుందోనని ఆయన భయం. ముందు తను చూసి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పాలి. ల్యాబుది పాతకాలపు సైటు, అడ్రసు పక్కన భద్రతకి వేసే తాళం గుర్తు కూడా లేదు. నకలు తీయడం ఎంతసేపు? మంగళవారం సాయంత్రం ఆ పేజీని పెట్టెలో దాచేసి, ఇకమీదట దానికోసం బయటికి వెళ్లొద్దని పెట్టెకి ఆజ్ఞ రాశాడు. ఆ పేజీ చెప్పేది ఒకటే ముక్క: మీ రిపోర్టు తయారవుతోంది.

"ఏమండీ, ఇంకా తయారవుతూనే ఉందట," అంది ఆవిడ బుధవారం పొద్దున.

"పద్ధతిగా చేసే పనికి టైం పడుతుందిలే."

"వేలెడంత ముక్క చూడ్డానికా? ఈలోపు నేను ఎనిమిదో తరగతి పేపర్లు ఎనభై దిద్దాను."

సాయంత్రానికి ఇల్లు అడ్డం తిరిగింది. ముందుగదిలో ఉండే మామగారు ట్యాబ్ పట్టుకుని, "అల్లుడుగారూ, ఈ వార్తలన్నీ నిన్న చదివినవే. లోకంలో ఇవాళ ఏమీ జరగలేదన్నమాట, సంతోషం," అన్నారు. వాన లేదన్న ఫోను మాట నమ్మి టీచరమ్మ పొద్దున ఆరేసిన బట్టలు కుండపోతలో నిలువునా తడిశాయి.

"మీ వైఫై ఎండ కాస్తోందంది. పిండండి," అని దుప్పటి ఒక కొస ఆయన చేతికిచ్చింది.

పిండుతూండగా వెలిగింది ఆయనకి. ఆజ్ఞలో ల్యాబు పేరు రాయాల్సిన చోట చుక్క గుర్తు కొట్టాడు. పెట్టె లెక్కలో చుక్కంటే లోకం మొత్తం. లోకాన్ని వదిలేసి, ల్యాబుని మాత్రం బిగించాడు.

ఇక రోజూ పొద్దున్నే స్నానాలగదిలో తలుపేసుకుని తన ఫోనులో చూసుకునేవాడు. ఆఫీసులో చూడాలంటే భయం, నలుగురి ముందు బయటపడిపోతానని. గురువారం, తయారవుతోంది. శుక్రవారం, తయారవుతోంది. హమ్మయ్య అనుకుంటూ బయటికొచ్చేవాడు.

శనివారం గడ్డం గీసుకుంటూ సగంలో ఆగిపోయాడు. తన ఫోను కూడా ఆ పెట్టెనే కదా అడిగేది. నాలుగు రోజులుగా ఆయన పనిగట్టుకుని, పకడ్బందీగా దాచిపెడుతున్నది తన నుంచే.

సగం నురగతోనే ల్యాప్‌టాప్ ముందు కూలబడ్డాడు, ఆజ్ఞ చెరిపేద్దామని. టీచరమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టింది.

"బుధవారమే తెచ్చుకున్నాను. బడి నుంచి వస్తూ కౌంటర్లో అడిగితే చేతికిచ్చారు."

"నీకెలా..."

"పేజీ కింద టైం వేస్తారు. ఎప్పుడు చూసినా మంగళవారం నాలుగూ పది. ఇద్దరు పిల్లలు అచ్చం ఒకేలా రాస్తే నేనేమంటాను?"

"కాపీ," అన్నాడు ఆయన బుద్ధిగా.

"ఆ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"స్నానాలగదిలోంచి రోజూ బతికిపోయినట్టు వచ్చేవారు. ఇంకొక్క రోజు బతకనిద్దామనిపించింది."

ఆయన కాగితం విప్పలేదు. "ఏముంది అందులో?"

"అదే. మనం కాకూడదనుకున్నదే. చిన్నగా ఉండగానే దొరికిందన్నారు. సోమవారం ఎనిమిదింటికి ఆసుపత్రిలో చేరాలి, మంగళవారం ఆపరేషన్. మీ ఆఫీసుకి ఫోను చేసి మీ సెలవు కూడా నేనే అడిగేశాను. ముందు ఆ నురగ తుడుచుకోండి, కళ్లలోకి కారుతోంది."

కారుతున్నది నురగ కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన తుడుచుకున్నాడు. చేయి మళ్లీ కీబోర్డు మీదికి వెళ్లింది.

"చెరపకండి," అంది ఆవిడ గొంతు తగ్గించి. "నాన్న కూడా ట్యాబ్‌లో అదే చూస్తున్నారు. రేపటిదాకా ఆయనకి తయారవుతూనే ఉండనివ్వండి."

ముందుగదిలోంచి మామగారు దగ్గారు. "అమ్మాయ్, ఇందులో ఇంకా తయారవుతోందనే ఉంది."

"అవును నాన్నా."

"సరే." ట్యాబ్ పక్కన పెట్టిన చప్పుడైంది. "నీ ఆసుపత్రి సంచిలో నా ఉన్ని శాలువా పెట్టాను. ఆ గదులు చల్లగా ఉంటాయి. గురువారం నా కళ్లజోడు నీ పేపర్ల కట్టలో వెతుకుతుంటే ఆ కాగితం కనబడింది. అల్లుడుగారు ఇంకా స్నానాలగదిలోనే ఉన్నారుగా, ఆయనకి మాత్రం ఇప్పుడే చెప్పకు, తట్టుకోలేరు."

టీచరమ్మ ఆయన వైపు చూసింది. ఆయన బీరువా మీది పెట్టె వైపు చూశాడు. దాని పచ్చదీపం నిశ్చింతగా మినుకుతోంది. ఆ ఇంట్లో ఇంకా మంగళవారంలో మిగిలిపోయింది అదొక్కటే.