కడకయ్యకు ఒక్క తడి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, మాఘమాసంలో ఒకనాడు మాల్యాద్రి కోడి కూయకముందే లేచి తలపాగా చుట్టుకున్నాడు. ఆ ఉదయం పెద్దచెరువు తూము ఎత్తుతారు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరువులో మిగిలిన కాసిని నీళ్ళకూ ఆత్మకూరు నుంచి వచ్చిన సూపర్‌వైజరు లెక్క కట్టాడు: వరి కయ్యలన్నిటికీ ఒక్క తడి, తరువాత తూము మూసి సీలు. మిగిలింది ఎండాకాలం మనుషులకూ గొడ్లకూ. మళ్ళీ ఎత్తమని దేవుడే దిగివచ్చినా ఎత్తేది లేదన్నాడు.

తూము దగ్గర నిలబడితే చివరి కయ్య కనపడదు. మధ్యన రెండు మైళ్ళ కాలవ ఉంది. అందుకని పాత పద్ధతే పెట్టుకున్నారు. నీళ్ళు కడకయ్యలో నిండగానే ఇక్కడ ఊళ్ళో సుబ్బన్న తప్పెట కొడతాడు, అది విని అక్కడ నీరుగంటి మునెయ్య తూము మూస్తాడు. ఆ కడకయ్య మాల్యాద్రిది. వెన్నులు పాలుపోసుకుంటున్నాయి. ఈ తడి అందితే ఏడాదికి సరిపడా గింజలు, అందకపోతే పస్తులే.

మాల్యాద్రి మహా జాగ్రత్త మనిషి. ఎద్దును రెండు పలుపులతో కట్టేసి, మళ్ళీ లేచి వెళ్ళి చూసుకునే రకం.

తూము ఎత్తారన్న కబురు వచ్చిన కాసేపటికే మంచం పట్టి ఉన్న అవ్వ నాగులమ్మ కన్నుమూసింది. తల్లి లేని మాల్యాద్రిని చేతులమీద పెంచింది ఆమే. ఆ కయ్యా ఆమె ఇచ్చిందే. భోరున ఏడవబోయాడు పాపం. అంతలో వాకిట్లో సుబ్బన్న తప్పెటను మంటకు కాచుకోవడం కనపడింది. చావింట తప్పెట మోగకుండా ఉంటుందా మరి!

"ఒరే, ఆపరా! నువ్వు కొడితే మునెయ్య తూము మూసేస్తాడు!"

"చావు దరువు వేరే గదన్నా."

"రెండు మైళ్ళు పోయినాక ఏ దరువైతే ఏందిరా, ఇనపడేది మోతే గదా!"

వెంటనే బామ్మర్ది రోశయ్యను పరుగెత్తించాడు. "మునెయ్యకు గట్టిగా చెప్పు. అవ్వ పోయింది, తప్పెట మోగితే అది చావుకు, తూము మూయొద్దని."

రోశయ్య మలుపు తిరిగాడో లేదో, మాల్యాద్రికి అనుమానం పట్టుకుంది. "వాడు దోవలో ఎవరి అరుగు మీదన్నా కూలబడితే? ఒద్దురా సుబ్బన్నా. నీళ్ళొచ్చిందాకా తప్పెట లేదు, ఏడుపూ లేదు. ఏడుపు ఇంటే ఊరంతా చేరుద్ది, ఎవడో ఒకడు తప్పెట అందుకుంటాడు."

"మనిషివేనా నువ్వు? పెంచిన ముసల్ది పోతే నోరారా ఏడవను గూడా లేదా?" అంది భార్య వెంగమ్మ.

"మజ్జాన్నం ఏడుద్దువులే."

అంతలో ఉదయగిరి నుంచి మేనత్త కామమ్మ దిగింది. తల్లికి నలతగా ఉందని తెలిసి వచ్చింది.

"ఎట్టుండాదిరా అమ్మ?"

"నిద్రపోతా ఉండాదత్తా."

"మేలే," అని కామమ్మ తిన్నగా వంటింట్లోకి పోయి జావ కాచి తెచ్చింది. తల్లి తల ఒళ్ళో పెట్టుకుని, "రెండు గుక్కలు తాగమ్మా," అంటూ పోసింది. జావ చెంప మీదుగా జారిపోయింది. కామమ్మ చెయ్యి తల్లి నుదుటి మీద ఆగింది. కేక పెట్టడానికి నోరు తెరిచింది. మాల్యాద్రి గబుక్కున తన తువ్వాలు ఆ నోట్లో కుక్కాడు.

"నీ కాళ్ళకు మొక్కుతానత్తా! అవ్వ కయ్య ఎండిపోతా ఉండాది. నీళ్ళు రానీ, నీతోబాటే నేనూ ఏడుస్తా."

కామమ్మ తువ్వాలు తీయలేదు. కళ్ళు మాత్రం ధారలుగా కారుతున్నాయి. శవం చుట్టూ అందరూ నోళ్ళు మూసుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నానికి నీళ్ళు వచ్చాయి. నెర్రెలు గటగటా తాగాయి. కయ్య నిండింది. "కొట్టరా సుబ్బన్నా!" అని అరుస్తూ వచ్చి మాల్యాద్రి అవ్వ కాళ్ళ మీద పడ్డాడు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఏడుపంతా ఏడ్చాడు. సుబ్బన్న నీళ్ళకు కొట్టాడు, ఆ ఊపులోనే చావుకూ కొట్టాడు. ఊరు కదిలి వచ్చింది. నాగులమ్మ దర్జాగా వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా మట్టి చేసి వచ్చిన వాళ్ళంతా కాలవలో స్నానాలకు దిగారు. మొలలోతు నీళ్ళు, చల్లగా హాయిగా ఉన్నాయి. మాల్యాద్రి రెండో మునక వేసి లేస్తూ ఉలిక్కిపడ్డాడు. మూసిన తూము నుంచి ఇన్ని నీళ్ళేమిటి?

తడిగుడ్డలతోనే పరుగెత్తాడు. దోవలో కడకయ్య కనపడలేదు. అది ఉన్నచోట మడుగు ఉంది, వరి దానడుగున పడుకుని ఉంది.

తూము దగ్గర మునెయ్య, రోశయ్య పక్కపక్కనే నిలబడి ఉన్నారు.

"మూయలేదేందిరా!"

"ఎట్ట మూస్తానన్నా! తప్పెట ఇన్నాను. అందరూ మూయి మూయి అని మీద పడినారు. చావుదని చెప్పి అడ్డం నిలబడినాను. సూపర్‌వైజరయ్య టోపీ తీసి అవ్వకు దండం గూడా పెట్టినాడు. నీళ్ళ తప్పెట కోసం ఇంకా కాసుకోనే ఉండాను."

మునెయ్య వెనక పెద్దచెరువులో బురద మెరుస్తోంది. అందులో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. మాల్యాద్రి గట్టు మీద కూలబడి, ఆ రోజుకు రెండోసారి ఏడ్చాడు. ఈసారి ఆపమన్నవాళ్ళు లేరు.

వరి కుళ్ళిపోయింది. ఎండాకాలమంతా ఊరు ఊరే పెన్న ఇసుకలో చెలమలు తవ్వి కావిళ్ళతో నీళ్ళు మోసింది. చివరి కయ్యకు నీళ్ళందలేదన్న అర్జీ మాత్రం ఆ ఏడు ఎవరూ పెట్టలేదు.